డొమైన్ పేర్లు కొని అమ్మే పని: బెజవాడ నుంచి కొన్ని సంగతులు

పేర్లబేరం (విజయవాడ)

డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు, కొనడం, అమ్మడం నా జీవనోపాధి. "అందులో నిజంగా డబ్బులుంటాయా అన్నా, ఎలా మొదలుపెట్టాలి" అని ఇక్కడ చాలామంది మెసేజ్ పెడుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తే మేలనిపించింది.

బయటికి కనబడేవి పెద్ద అమ్మకాలే. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు పోయిందన్న వార్త చదివి అప్పు చేసి మరీ పేర్లు కొన్నవాళ్లు నాకు తెలుసు. ఆ పేరు అమ్మింది మైక్రోస్ట్రాటజీ అనే కంపెనీ, కొన్నది బ్లాక్ డాట్ వన్ అనే కంపెనీ. అంత చిన్న మాట, అంత అందరికీ తెలిసిన మాట ఇప్పుడు ఖాళీగా దొరకదు. డాట్ కామ్‌లో మొదటి పేరు సింబాలిక్స్ 1985 మార్చి 15న నమోదైంది. నలభై ఏళ్లుగా ప్రపంచమంతా వెతికి తీసుకున్నాక మిగిలిన వాటిలో మనం వెతుకుతున్నాం. ఈ మాట మనసులో పెట్టుకుని దిగితే చెయ్యి కాలదు.

అసలు పనంతా రెన్యువల్ దగ్గరే, అంటే ఏటా డబ్బు కట్టి పేరు గడువు పొడిగించుకోవడం దగ్గరే ఉంది. డాట్ కామ్ పేర్ల మూల జాబితా (రిజిస్ట్రీ) నడిపే వెరిసైన్ కంపెనీ, మనకు పేర్లు అమ్మే రిజిస్ట్రార్ దగ్గర ఒక్కో పేరుకు ఏడాదికి తీసుకునే ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లయింది. దాని మీద రిజిస్ట్రార్ లాభం, మనకైతే 18 శాతం జీఎస్టీ. ఒక పేరుకు వెయ్యి రూపాయలంటే తేలిగ్గానే ఉంటుంది. వందల పేర్లున్నప్పుడు అది ఇంటి అద్దె, పిల్లల ఫీజులతో పోటీపడే ఖర్చు. అందుకే నెల మొదటి వారంలో ఆ నెల గడువు తీరే పేర్లన్నీ కాగితం మీద రాసుకుంటాను. ఒక్కో పేరు దగ్గరా ఆగి, ఇది కావాల్సిన వ్యాపారి ఇవాళ ఎక్కడ ఉన్నాడు, ఏ ఊళ్లో, ఏ సరుకు అమ్ముతున్నాడు అని ఆలోచిస్తాను. మనిషి కళ్లముందుకు వస్తే ఉంచుతాను. రాకపోతే, పేరు నాకెంత నచ్చినా గీత కొట్టేస్తాను. నన్నడిగితే కొనడం ఎవరైనా నేర్చుకుంటారు, ఆ గీత కొట్టడమే ఈ పనిలో అసలు విద్య.

కొనేముందు ఇంకో పరీక్ష ఉంది. మా అమ్మకు ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెబుతాను. ఆవిడ గ్యాస్ బుకింగ్ నంబర్లు రాసుకునే పాత డైరీలో రాసుకుని, అక్షరం అక్షరం తిరిగి చదువుతుంది. నేను అనుకున్నట్టే చదివితే కొంటాను. "ఏంట్రా, మళ్లీ చెప్పు" అందంటే ఆ పేరు ఫోన్లో ఎవరికీ ఎక్కదని అర్థం. తెలుగు మాటలతో పేర్లు పెట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. పచ్చడికి ఇంగ్లిషులో సి ఒకటా రెండా, హెచ్ ఒకటా రెండా, డి తరువాత హెచ్ ఉందా లేదా? నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. అలాంటి పేరు కొంటే నాలుగు రూపాలూ కొనాలి, లేదంటే మానుకోవాలి.

మిగతావి మీరడిగితే చెబుతాను.

పచ్చళ్ల_అక్క (గుంటూరు)

తమ్ముడూ, నేను గోంగూర, పండుమిర్చి, చింతకాయ పచ్చళ్లు ఇంటి దగ్గరే పట్టి అమ్ముతాను. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది. హైదరాబాద్, బెంగళూరే కాదు, అమెరికాకి కూడా వెళ్తున్నాయి. మరి నాకు ఈ డొమైన్ అవసరమా? మా అబ్బాయి కావాలంటాడు, మా వారు దండగ అంటారు.

పేర్లబేరం (విజయవాడ)

అక్కా, మీ సీసా మీద లేబుల్ అచ్చేయిస్తున్నారు కదా. దాని మీద ఇప్పుడు ఏముంది? ఫోన్ నంబరు, ఇన్‌స్టా పేరు. ఆ పేజీ మీది కాదు, ఆ కంపెనీది. ఎవరో ఫిర్యాదు చేసి అకౌంట్ ఆగిపోతే, అచ్చయిన లేబుళ్లన్నీ వృథా. అదే మీ సొంత డొమైన్ అచ్చేయిస్తే, ఇవాళ దాన్ని వాట్సాప్‌కి మళ్లించుకోవచ్చు, రేపు సొంత వెబ్‌సైటుకి మళ్లించుకోవచ్చు. లేబుల్ మార్చక్కర్లేదు. ఏడాదికి అయ్యే ఖర్చు మీ రెండు మూడు కిలోల పచ్చడి ధర కూడా ఉండదు. వెబ్‌సైటు ఇప్పుడే కట్టించకండి. పేరు మాత్రం తీసుకోండి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. మీ మెయిల్‌తో, మీ ఫోన్‌తో, మీ పేరు మీదే తీసుకోండి. అబ్బాయి కూర్చుని చేసిపెట్టినా సరే.

వన్‌టౌన్_బట్టలకొట్టు (విజయవాడ)

ఆ చివరి మాట దగ్గర నా కడుపు రగిలిపోయింది. మా కొట్టు వెబ్‌సైటు చేసిచ్చినతను డొమైన్ తన మెయిల్ మీద తీసుకున్నాడు. మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు, డబ్బు కట్టాం కాబట్టి మాదే అనుకున్నాం. తరువాత అతను ఊరు మారాడు, ఫోన్ మారింది. రెన్యువల్ నోటీసులు అతని పాత మెయిల్‌కే పోయినట్టున్నాయి. ఇప్పుడు మా పేరు కొడితే ఏవో బెట్టింగ్ ప్రకటనలు వస్తున్నాయి. మా నాన్నగారి కాలం నుంచి ఉన్న కొట్టు పేరు అది. ఆషాఢం సేల్‌కి పాంప్లెట్లు వేసినప్పుడు ఒక పాత కస్టమరు గారు ఫోన్ చేసి, "ఏమయ్యా, మీ సైటు తెరిస్తే మా మనవడి ముందు సిగ్గుతో చచ్చాను" అన్నారు. ఏం చేయాలో దారి చెప్పండి.

కొత్తపేట_వకీలు (గుంటూరు)

మీ పేరుకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉందా? లేకపోయినా అధైర్యపడొద్దు. మన దేశంలో డొమైన్ పేర్లకంటూ ప్రత్యేక చట్టం లేకపోయినా, 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్‌కు ఉన్నట్టే రక్షణ ఉంటుందని చెప్పింది. ఎన్నాళ్లుగానో వాడుతున్న పేరుతో ఇంకొకరు జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంటే పాసింగ్ ఆఫ్ (ఇంకొకరి పేరును తనదిగా చూపి నమ్మించడం) కింద అడ్డుకోవచ్చు.

మీది డాట్ కామా, డాట్ ఇన్నా? డాట్ కామ్ అయితే, ప్రపంచమంతటా డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో పెట్టిన యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం కింద ఫిర్యాదు చేయాలి. మూడూ రుజువు చేయాలి: పేరు మీ మార్కును పోలి ఉందని, అవతలివాడికి దాని మీద హక్కు లేదని, దురుద్దేశంతో నమోదు చేసి దురుద్దేశంతోనే వాడుతున్నాడని. డాట్ ఇన్ అయితే, ఆ పేర్లను చూసే నిక్సీ సంస్థ దగ్గర అలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. అందులో దురుద్దేశం నమోదులో ఉన్నా చాలు, వాడకంలో ఉన్నా చాలు. ఆ తేడా ఫిర్యాదుదారుకు చాలా మేలు. రెండింట్లోనూ డబ్బు పరిహారం రాదు. పేరు మీకు బదిలీ అవుతుంది, లేదా రద్దవుతుంది.

వన్‌టౌన్_బట్టలకొట్టు (విజయవాడ)

డాట్ కామ్ అండీ. ట్రేడ్‌మార్క్ లేదు. ఇన్నేళ్ల బిల్లు పుస్తకాలైతే ఉన్నాయి.

తాడికొండ_గ్రంథాలయం (గుంటూరు జిల్లా)

అందరూ ఇంత ఆదరంగా మాట్లాడుతుంటే నేను గట్టిగా అంటున్నానని అనుకోవద్దు. కానీ అనాల్సిందే. మా ఊళ్లో నలుగురం కలిసి పిల్లల కోసం గ్రంథాలయం పెట్టాం. దానికి ఒక మంచి తెలుగు పేరు అనుకుంటే, అది ఎవరో కొని ఖాళీగా పెట్టారు. అడిగితే లక్షల్లో చెప్పారు. అంత డబ్బుంటే పుస్తకాలు కొనమా?

2015 అక్టోబరులో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు మా చుట్టుపక్కల ఏం జరిగిందో కళ్లారా చూశాం. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ప్లాట్లు కొన్నారు. ఇల్లు కట్టరు, పంట వేయరు, రేటు పెరిగేదాకా కంప చెట్లు పెరగనిస్తారు. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలనుకున్న వాడికి గజం కూడా అందకుండా పోయింది. పేర్లబేరం గారూ, మీరు చేసేది కూడా అదే కదా? వాడే ఉద్దేశం లేకుండా పట్టుకోవడం, అవసరమున్న వాడు వచ్చినప్పుడు పిండటం. తేడా ఏమైనా ఉంటే చెప్పండి, వింటాను.

పేర్లబేరం (విజయవాడ)

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. సూటిగా చెబుతాను.

తేడా ఉంది. ప్లాటు ఒకసారి కొంటే తరతరాలకూ మనదే, కంప చెట్లు పెరిగినా మనదే. పేరు అలా కాదు. డాట్ కామ్ ఎంత కట్టినా ఒక విడతకు పదేళ్లకు మించి ఎవరికీ సొంతం కాదు. కట్టడం ఆపిన రోజు నుంచి చేజారడం మొదలవుతుంది. రిజిస్ట్రార్‌ని బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యువల్ ఉంటుంది. తరువాత 30 రోజుల రిడెంప్షన్, అంటే పాత యజమాని విడిపించుకునే గడువు, అందులో అదనపు రుసుము కట్టాలి. ఆపైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. తరువాత అది లోకంలో ఎవరికైనా దొరుకుతుంది. అంటే పట్టుకు కూర్చోవడానికి ప్రతి ఏడాదీ ఖర్చుంది. పెరుగుతుందన్న హామీ లేదు. నేను వదిలేసిన పేర్లు ఎవరెవరో తీసుకుని వాడుకుంటున్నారు, కొన్ని మన జిల్లాల్లోనే చూశాను, సంతోషించాను.

కానీ మీ మాటలో నేను ఒప్పుకునేది కూడా ఉంది. కొన్ని పేర్లు కొనడం తప్పు. కష్టకాలంలో సాయం కోసం పుట్టే పేర్లు ముట్టుకోకూడదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అన్నయ్య వాళ్లిల్లు నీళ్లలో ఉంది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పాలప్యాకెట్ల కోసం పడవల వైపు చేతులు చాపిన జనాన్ని చూశాను. అలాంటి రోజుల్లో వరద పేరుతో, సహాయనిధి పేరుతో డొమైన్లు కొని పెట్టుకునేవాళ్లుంటారు. వాళ్లను నేను వ్యాపారస్తులనను. అలాగే ప్రభుత్వ పథకాల పేర్లు, పరీక్ష ఫలితాల పేర్లు, నడుస్తున్న కొట్టు పేరు, ఎవరి ఇంటిపేరైనా సరే, నా జాబితాలో ఉండవు. రాజధాని విషయంలో కూడా అంతే. ఊరి పేరుకి మరో మాట తగిలించి వందల కొద్దీ కొన్నవాళ్లను 2015లో చూశాను. 2019 తరువాత వాళ్లే వదిలేశారు. 2024లో మళ్లీ కొన్నారు. నేను రెండుసార్లూ దూరంగానే ఉన్నాను.

మీ గ్రంథాలయానికి ఆ పేరే కావాలా? పక్కన ఊరి పేరు చేర్చి డాట్ ఓఆర్‌జీలో చూడండి. ఖాళీగా ఉంటే ఈ రాత్రికే తీసుకోవచ్చు. ఎలా తీసుకోవాలో తెలియకపోతే నేను పక్కనుండి చేయిస్తాను, రూపాయి తీసుకోను.

తాడికొండ_గ్రంథాలయం (గుంటూరు జిల్లా)

ఊరి పేరుతో ఆలోచించలేదు. అది బాగానే ఉంటుంది. కానీ లక్షలు చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ న్యాయమనిపించడం లేదు. నాలాంటి వాళ్లకు వేరే ధర ఉండాలి.

పేర్లబేరం (విజయవాడ)

ఉండాలి. బడికి, గ్రంథాలయానికి, రక్తదాన సంఘానికి నేను కొన్న ధరకే ఇస్తాను. అందరూ అలా చేస్తారని మాత్రం చెప్పలేను.

కోడ్_కుర్రాడు (గుంటూరు)

అన్నా, నేను బీటెక్ ఫైనలియర్. ఏఐ వచ్చాక ఎవరూ సైటు పేరు టైప్ చేయడం లేదు. చాట్‌బాట్‌ని అడుగుతున్నారు, అదే చెప్పేస్తోంది. కిరాణా కొట్లో క్యూఆర్ స్కాన్ చేసేస్తున్నారు. ఇంకో పదేళ్లకు డొమైన్ అనేదే ఉంటుందా? నేను డాట్ ఏఐ పేర్లు కొందామనుకుంటున్నా, అందుకే అడుగుతున్నా.

పేర్లబేరం (విజయవాడ)

ముందు డాట్ ఏఐ సంగతి. అది కృత్రిమ మేధ కోసం పుట్టింది కాదు. కరీబియన్‌లో బ్రిటన్ అధీనంలో ఉన్న అంగ్విలా అనే చిన్న ద్వీపానికి దేశం కోడ్‌గా వచ్చింది. ఒక్క ఏడాదికి ఇవ్వరు, కనీసం రెండేళ్లకు కట్టాలి. డాట్ కామ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. చదువుకునే పిల్లాడివి, ఫీజు డబ్బులతో ఆ పని చేయొద్దు తమ్ముడూ. నచ్చిన పేరు ఒక్కటి డాట్ ఇన్‌లో తీసుకుని, దాని మీద నీ ప్రాజెక్టు పెట్టి నడుపు. డీఎన్ఎస్ రికార్డులు (పేరు ఏ సర్వరుకి వెళ్లాలో చెప్పేవి) నీ చేత్తో మార్చి చూడు. దానివల్ల ఉద్యోగమైనా వస్తుంది.

టైప్ చేయడం తగ్గిందన్నది నిజం. నా దగ్గర ఖాళీ పేర్లకు ఒకప్పుడు నేరుగా టైప్ చేసి వచ్చేవాళ్లుండేవారు, ప్రకటనల మీద కొద్దో గొప్పో డబ్బులొచ్చేవి. ఇప్పుడు అది లెక్కలోకే రాదు. కానీ క్యూఆర్ లోపల ఏముంటుంది? ఎక్కువ వాటిలో ఒక చిరునామాయే. చాట్‌బాట్ ఏ సైటు నుంచి తెచ్చి చెబుతోంది? దానికీ ఒక డొమైనే. అన్నిటికంటే మెయిల్ ఉంది. దుబాయ్‌లో కొనేవాడికి మన మిర్చి యార్డు వ్యాపారి కొటేషన్ పంపితే, ఉచిత మెయిల్ నుంచి వచ్చినదానికి, సొంత పేరుతో వచ్చినదానికి దొరికే మర్యాద వేరు.

మిర్చి_ఎగుమతి (గుంటూరు)

ఈ మాట నేను సాక్ష్యం చెబుతా. తేజ రకం మిర్చి పంపిస్తాం మేము. సొంత మెయిల్ పెట్టుకున్నాకే కొత్త పార్టీలు శాంపిల్ అడగడం పెరిగింది. మోసాలు ఎక్కువైపోయాయి కదండీ, అవతలివాళ్లు ముందు మెయిలే చూస్తారు. అయితే నాకు ఒక సందేహం. నేను ఒక డాట్ కామ్ పేరు కొనాలనుకుంటున్నాను. అమ్మేవాడు అమెరికాలో ఉన్నాడు. డబ్బు ముందు పంపమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

పేర్లబేరం (విజయవాడ)

పంపకండి గారూ. ఎస్క్రో ద్వారా అయితేనే అనండి. మీ డబ్బు మధ్యలో ఉన్న ఎస్క్రో సంస్థ దగ్గర ఉంటుంది. వాళ్లు డబ్బు వచ్చిందని చెప్పాకే అతను పేరు మీకు బదిలీ చేస్తాడు. పేరు మీ అకౌంట్లో చూసుకుని మీరు సరే అన్నాకే అతనికి డబ్బు విడుదలవుతుంది. మంచి అమ్మకందారు దీనికి కాదనడు. కాదన్నాడంటే అక్కడితో ఆపేయండి.

అతని రిజిస్ట్రార్‌లోనే మీరూ అకౌంట్ తెరిస్తే పని తొందరగా అవుతుంది, లోపల్లోపలే మార్చేస్తారు. వేరే రిజిస్ట్రార్‌కి తెచ్చుకోవాలంటే ఆథ్ కోడ్, అంటే బదిలీకి పాత రిజిస్ట్రార్ దగ్గర దొరికే రహస్య సంకేతం, కావాలి. ఆ పేరు నమోదై 60 రోజులు కాకపోతే బదిలీ కుదరదు. ఎస్క్రో పేజీ లింకు అతను పంపినది నొక్కొద్దు, మీరే చిరునామా కొట్టి వెళ్లండి. ఒక్క అక్షరం మార్చిన దొంగ ఎస్క్రో సైట్లున్నాయి.

రిటైర్డ్_బ్యాంకు (పటమట)

ఒక్క అక్షరం మార్చడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా తోటి పెన్షనర్లలో అలా డబ్బు పోగొట్టుకున్న వాళ్లున్నారు. రిజర్వు బ్యాంకు చేసిన మంచి పని ఒకటుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని ఆదేశించింది. ఆ పేర్లు రిజర్వు బ్యాంకు హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ మాత్రమే ఇస్తుంది, బ్యాంకులకు మాత్రమే ఇస్తుంది. బయటివాడు ఎంత డబ్బు పెట్టినా కొనలేడు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చిరునామా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) ఉందో లేదో చూడమని నేర్పండి. వేరే ఏమీ గుర్తుండక్కర్లేదు.

పేర్లబేరం (విజయవాడ)

నమస్కారం సార్. అమ్మకానికి దొరకని పేర్లు కొన్ని ఉండాలని ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా నేనూ కోరుకుంటాను. మా అమ్మ డైరీలో మొదటి పేజీలో ఇదే రాసిపెడతాను.

తెనాలి_రచయిత (గుంటూరు జిల్లా)

తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవచ్చని విన్నాను. డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లోనే ఉందట. నా కథల సైటుకి అది పెట్టుకోవాలని ఆశ. పనికొస్తుందా?

పేర్లబేరం (విజయవాడ)

ఉందండీ. లోపల మాత్రం అది ఎక్స్, ఎన్ అక్షరాలతో, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లిషు వరుసగా మారుతుంది. కొన్ని యాప్‌లలో అతికిస్తే ఆ వరుసే కనబడుతుంది, చూసేవాళ్లు భయపడతారు. ఆ పేరుతో మెయిల్ పెట్టుకుంటే చాలా ఫారాలు తీసుకోవు. తిరిగి అమ్మడానికైతే నేను కొనమని చెప్పను. మీరు అమ్మడానికి కాదు కదా అడుగుతోంది. తెలుగు కథలకు తెలుగు చిరునామా ఉండటం నాకు చాలా ఇష్టం. తీసుకోండి, పక్కన ఒక ఇంగ్లిషు అక్షరాల పేరు కూడా ఉంచుకుని రెండూ ఒకే చోటికి మళ్లించండి.

పచ్చళ్ల_అక్క (గుంటూరు)

తమ్ముడూ, తీసుకున్నాను! నా మెయిల్ మీదే. మా అబ్బాయి పక్కన కూర్చున్నాడు, నొక్కింది మాత్రం నేనే. ఆటో రెన్యువల్ పెట్టాం, ఇక చూసుకోనక్కర్లేదు కదా?

పేర్లబేరం (విజయవాడ)

శుభం అక్కా. ఆటో రెన్యువల్ మీద మాత్రం పూర్తిగా భరోసా పెట్టుకోవద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు మారాక, మన కార్డుల నుంచి విదేశీ కంపెనీలకు దానంతటదే డబ్బు కట్ అవడం చాలాసార్లు కుదరడం లేదు. గడువు తేదీకి నెల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. కుదిరితే ఒకేసారి మూడు నాలుగేళ్లకు కట్టేయండి. పాస్‌వర్డు, గడువు తేదీ కాగితం మీద రాసి బీరువాలో బంగారం కాగితాలతో పాటు పెట్టండి, బావగారికి కూడా చెప్పండి. నా భార్య దగ్గర నా పేర్ల జాబితా అంతా అలాగే ఉంది. ఏది ఎంతకు తగ్గకుండా అమ్మాలో, ఏది వదిలేయొచ్చో పక్కనే రాసి ఉంచాను. నాకేమన్నా అయితే తను ఎవరినీ బతిమాలుకోవాల్సిన అవసరం రాకూడదు.

వన్‌టౌన్_బట్టలకొట్టు (విజయవాడ)

నా సంగతి మరిచిపోకండి.

పేర్లబేరం (విజయవాడ)

మరిచిపోలేదండీ, మీ పేరు ఏ స్థితిలో ఉందో చూడాలనే ఆగాను. పేరు నాకు ప్రైవేటుగా పంపారు కదా, చూశాను. గడువు తీరి విడుదలయ్యాక ఎవరో పట్టుకున్నారు, కొత్త నమోదు తేదీ కనబడుతోంది. సొంతదారు వివరాలు దాచి ఉన్నాయి. అతనికి మెయిల్ పెట్టొద్దు, ధర అడగొద్దు. మీకు అంత అవసరమని తెలిస్తే రేటు పెంచుతాడు. ఈలోగా అదే పేరు డాట్ ఇన్‌లో ఖాళీగా ఉంది, ఇప్పుడే తీసుకోండి, పాంప్లెట్ల మీద అదే వేయండి. ఆ బెట్టింగ్ పేజీ తేదీతో సహా కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

కొత్తపేట_వకీలు (గుంటూరు)

ధర అడగొద్దన్నది సరైన సలహా. అతనే అమ్ముతానని రాస్తే మాత్రం ఆ మెయిల్ భద్రపరచండి, దురుద్దేశానికి అది సాక్ష్యమవుతుంది. పాత బిల్లు పుస్తకాలు, పత్రికల్లో వేసిన ప్రకటనలు, వెబ్ చిరునామా అచ్చయిన సంచులు, క్యాలెండర్లు ఏవి దొరికినా పారేయకుండా తీసి పెట్టండి. కొట్టు పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా ఇప్పుడే వేద్దాం.

వన్‌టౌన్_బట్టలకొట్టు (విజయవాడ)

డాట్ ఇన్ తీసుకున్నాను, నా మెయిల్ మీదే. పాత క్యాలెండర్లు గోడౌన్‌లో ఉన్నాయి, చిరునామా అచ్చయినవే. రేపు కొట్టు కట్టేశాక దించుతాను. సోమవారం గుంటూరు తెస్తాను వకీలు గారూ, ఎన్నింటికి రమ్మంటారు?

కొత్తపేట_వకీలు (గుంటూరు)

కోర్టు అయ్యాక, సాయంత్రం 6 తరువాత రండి.